కొలకర్ర బదులు ఆదెప్ప

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది, వానలు మొదలు కావలసి ఇంకా మొదలుకాని రోజుల్లో, నన్ను హిందూపురానికి వేశారు. హోదా పాత కట్టడాల శాఖలో డాక్యుమెంటేషన్ ఫొటోగ్రాఫరు, రెండో శ్రేణి. మొదటి శ్రేణి ఫొటోగ్రాఫరు ఒకాయన మా శాఖలో ఉన్నాడని పుకారు ఉండేది గాని, ఆయన్ను కంటితో చూసినవాడు నేను స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నాకు తగల్లేదు.

పని చెప్పడానికి సులువు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఉన్న పాత కట్టడాలు, వాడకం లేక వదిలేసిన భవనాలు, చూడదగ్గ కొండలు, బురుజులు ఒక్కొక్కటే ఫొటో తీసి, ఏ గోడ ఏ స్థితిలో ఉందో జిల్లా ఆఫీసుకు పంపాలి. బస భత్యం లేదు కాబట్టి పొద్దున పోయి చీకటి పడేలోపు తిరిగి రావాలి. కెమెరా సంచి బరువు ఒక ఎదిగిన దూడంత. ముక్కాలి స్టాండు దాని తల్లి.

ఫొటోగ్రాఫరునని చెప్పగానే పెళ్లిళ్లు తీస్తారా అని అడిగేవాళ్లు. మేం తీసేది పెళ్లికి సరిగ్గా ఎదురు. పెళ్లిలో జనమంతా పడాలి, గోడ పడకూడదు. మాకు గోడ పడాలి, జనం పడకూడదు. గోడ నిటారుగా ఉందా, కెమెరా ఒరిగిందా అనే అనుమానం చూసేవాడికి రాకుండా స్టాండు మీద రసమట్టం పెట్టి సరిచూడాలి. శిల్పాలకైతే ఏటవాలు ఎండ కావాలి, అంటే పొద్దున్నే గాని, సాయంత్రం గాని. ప్రతి గోడకూ దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, దెబ్బతిన్న చోట ఒకటి, చివరకు కొలతతో ఒకటి. ఆ చివరిదే ముఖ్యం. పక్కన కొలత లేకపోతే కోట బురుజుకూ చీమల పుట్టకూ ఫొటోలో తేడా తెలియదు.

కొలతకని ఎరుపూ తెలుపూ పట్టీలు వేసిన కర్ర ఒకటి ఇస్తారు. కొలకర్ర అంటారు. నేను చేరిన కొత్తలోనే దాన్ని బస్సు టాపు మీద వేశాను. నేను పెనుకొండలో దిగాను, అది దిగలేదు. గుడిబండ దగ్గర ఒక టమోటా తోటలో మొక్కకు ఊతంగా నిలబడి ప్రజాసేవ చేస్తోందని తర్వాత తెలిసింది. కొత్త కర్రకు ఇండెంటు పెట్టాను. అది మంజూరయ్యేలోపు విజయనగర సామ్రాజ్యం మళ్లీ వెలిసి మళ్లీ కూలేంత వ్యవధి పడుతుందని అకౌంట్సు గుమాస్తా వినయంగా తెలియజేశాడు.

అప్పుడు ఆదెప్ప నిలబడ్డాడు.

ఆదెప్ప మాకు రోజుకూలి మీద పనిచేసే అటెండరు. ఊరు రొద్దం. అక్కడి నుంచి తొలి బస్సుకు పెనుకొండ వచ్చి నన్ను కలిసేవాడు. స్టాండు మోయడం, మేకల్ని అదిలించడం, గోడల మీద ఆరేసిన చీరలను ఎవరి మనసూ నొప్పించకుండా తీయించడం అతని పని. కొలకర్ర పోయిన వారమే అతన్ని పెనుకొండ బస్టాండు ఎదుట ఉన్న టైలరు దగ్గర నిలబెట్టి ఎత్తు కొలిపించాను. టైలరు అలవాటు కొద్దీ ఛాతీ, నడుము, చేతులు కూడా కొలిచి, కాలరు ఎలా కావాలని అడిగాడు. ఆ రోజు నుంచి మా రిజిస్టరులో కొలత అన్న గడిలో ఆదెప్ప అని రాయడం మొదలుపెట్టాను. జిల్లా ఆఫీసు దాన్ని ఏదో పాత కాలపు కొలమానం అనుకున్నట్టుంది, ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

కొలతకు మనిషిని పెడితే పాటించవలసిన నియమం ఒకటుంది. ముఖం కనబడకూడదు. ముఖం ఉంటే చూసేవాడి కన్ను ముందు దాని మీదకే పోతుంది, అయిదు వందల ఏళ్ల గోడ కూడా దాని ముందు ఓడిపోతుంది. అందువల్ల కొలత మనిషి గోడవైపు తిరిగి, చేతులు పక్కలకు ఆనించి, కదలకుండా నిలబడాలి. చొక్కా బూడిద రంగుదో మట్టి రంగుదో అయి ఉండాలి.

చొక్కా విషయంలో ఆదెప్ప రాజీపడ్డాడు. ముఖం విషయంలో పడలేదు. వచ్చే ప్రతిసారీ మీసం కత్తిరించి, తల దువ్వి, ముఖానికి ఎంత పౌడరు కొట్టుకొచ్చేవాడంటే, అతను బస్సు దిగితే పొగమంచు దిగినట్టుండేది. వెలుతురు చూసుకోవడానికి ఒకటి రెండు పరీక్ష ఫ్రేములు తీసేవాణ్ని. వాటిలో అతను కెమెరా వైపు తిరిగి పళ్లికిలిస్తూ ఉండేవాడు. తర్వాత నేను తిరగమనేవాణ్ని.

"పౌడరంతా గోడకు చూపియ్యాల్నా సార్?"

"కనబడని ముఖానికి పౌడరెందుకు ఆదెప్పా?"

"గోడకు మాత్రం మర్యాద వద్దా సార్? రాజులు కట్టిందాయె."

ఒకసారి పెనుకొండలో రాజుల కాలపు గగన్ మహల్ దగ్గర మేకలు తోలుకొచ్చిన ఒక ముసలాయన చాలాసేపు అతన్ని చూసి, చివరకు ఆగలేక అడిగాడు. "ఏమప్పా, నిలబడేదానికి జీతమిస్తారా?"

ఆదెప్ప తల తిప్పకుండానే జవాబు చెప్పాడు. "ఇస్తారు పెద్దాయనా. కాకపోతే మీ మేకలు ఉత్తపున్యానికి నిలబడతాండాయి, నా బతుకు పాడుచేస్తాండాయి."

ఇంట్లోనూ ఇదే చిక్కు. అతని భార్య నారాయణమ్మకు భర్త ఉద్యోగం మీద నమ్మకం లేదని అతనే చెప్పాడు. ఆఫీసులో ఏం చేస్తావని అడిగితే నిలబడతానని చెప్పాడట. ఏ దిక్కుకని అడిగితే గోడ దిక్కుకని చెప్పాడట. ఆ తర్వాత రెండు రోజులు ఆమె అతనికి రాగి సంగటి పెట్టింది గాని మాట పెట్టలేదు. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నవాళ్లిద్దరిలో ఒకరు అలిగితే ఇల్లంతా అలిగినట్టే.

కనీసం ఒక్క ఫొటో ఎదురుగా తీసి ఇస్తాను, తీసుకెళ్లి చూపించు అన్నాను. ఒప్పుకోలేదు. ఒక్కడే నిలబడితే అది కూడా డ్యూటీ లెక్కనే ఉంటుందట. ఆమెకు ధర్మవరం పట్టుచీర తీసి, అది కట్టించి, ఇద్దరూ గగన్ మహల్ ముందు నిలబడి దిగుతారట. "ఆ పొద్దు గోడకు యీపు, మీకు మొగం సార్" అన్నాడు.

ధర్మవరం వంతు ఆ తర్వాతి ఏడాది వచ్చింది. మరమగ్గాల దెబ్బకు యజమాని మూసేసిన ఒక పాత నేత షెడ్డు తీయాలి. హిందూపురంలో నేను ఎక్కిన పాసింజరు బండినే పెనుకొండలో ఆదెప్ప ఎక్కాడు. షెడ్డు పొడవు ఎంతంటే, ఆ కొనన ఉన్నవాడికి ఈ కొనన తెల్లవారిన సంగతి ఆలస్యంగా తెలిసేలా ఉంది. మగ్గాలు ఎప్పుడో అమ్ముకున్నారు. నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంతలు మాత్రం వరసగా మిగిలాయి. పైకప్పు పెంకులు ఊడిన చోట నుంచి ఎండ స్తంభాల్లా దిగుతోంది. నేను దూరం ఫ్రేములు, దగ్గర ఫ్రేములు ముగించేసరికి ఆదెప్ప ఇప్పుడే వస్తానని వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చాడు. చేతిలో ఒక అంగడి సంచి. సంచిలో అట్టపెట్టె.

ఎండ స్తంభం ఆఖరి గుంత అంచు మీదకు జరిగింది. ఇంకాసేపట్లో పోతుంది. నిలబడమన్నాను. నిలబడ్డాడు, వెనక్కి తిరిగాడు, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని ఆ సంచి పట్టుకున్నాడు.

"చేతులు పక్కకి. సంచి కింద పెట్టు."

"దుమ్ము సార్."

"నా కెమెరా సంచిలో పెట్టు."

"దాంట్లో నూనె గుడ్డలుండాయి సార్. వంకాయ రంగు చీర ఇది, మరక పడితే ఆయమ్మ నన్ను ఈ గుంతలోనే పూడ్చిపెడతాది. ఈ పొద్దుకు ఇట్లే కొట్టేయండి."

వెలుతురు పోతోంది. కొట్టేశాను. జిల్లా ఆఫీసు నుంచి ఆ ఫ్రేము వెనక్కి వచ్చింది. కొలత మనిషి చేతుల్లో వస్తువు ఉన్నది, తిరిగి తీయవలెను అని రాశారు. తిరిగి తీయడానికి వెళ్లేసరికి వానలకు కప్పు కూలిపోయింది, యజమాని గుంతలు పూడ్చి నేల చదును చేయించాడు. ఆ గుంతలకు కొలతతో ఉన్న ఫ్రేము అదొక్కటే కావడంతో తప్పుతో సహా రికార్డులో ఉండిపోయింది.

గగన్ మహల్ ముందు ఇద్దరి ఫొటో మాత్రం కుదరలేదు. దసరాకు అనుకున్నారు, రవిక కుట్టిన టైలరు దాన్ని చిన్నపిల్లకు సరిపోయేలా కుట్టాడు. దాని మీద జరిగిన యుద్ధం తళ్లికోట యుద్ధం కంటే ఎక్కువ రోజులు నడిచిందని ఆదెప్ప అంచనా. ఉగాదికి అనుకున్నారు, నారాయణమ్మ తల్లి మంచాన పడింది. తర్వాత ఏటికేడు ఏదో ఒకటి. చీర పెట్టెలోనే ఉంది, గగన్ మహల్ ఎక్కడికీ పోదు, తొందరేముందని ముగ్గురమూ అనుకున్నాం.

కరోనా రెండో విడతలో ఆదెప్ప పోయాడు. జ్వరమని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నారాయణమ్మను గేటు దగ్గరే ఆపారు. తర్వాత మూటకట్టి అప్పగించారు. ముఖం చూపించలేదు. ఆ రోజుల నియమం అది, అందరికీ అదే. బస్సులు లేవు, నేను పోలేకపోయాను.

ఏడాది తిరిగి వస్తుండగా ఒక పొద్దున ఆమె హిందూపురం ఆఫీసుకు వచ్చింది. మా ఆఫీసు పట్టుగూళ్ల మార్కెట్ వెనక సందులో ఉండేది. లోపలికి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, బల్ల మీద ఉన్న కంప్యూటరును చూసింది.

"సార్, మీ పెట్టెలో ఆయప్ప వందల మంది ఉండాడని చెప్తాండె. నాకు ఒకడ్ని ఇయ్యండి, చాలు."

సంవత్సరీకానికి ఫొటో పెట్టాలి. ఇంట్లో ఏమీ లేదు. పెళ్లి ఫొటోను ఎప్పుడో చెదలు తిన్నది. ఇద్దరివీ నొక్కుడు ఫోన్లు. పిల్లలున్న ఇళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక పూట ఫోను ఎత్తి ఫొటో కొడతారు, వాళ్ల వైపు ఎవరూ ఎత్తలేదు. ఆధారు కార్డు ఒకటుంటే హిందూపురంలో ఒక స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించింది. అది సంచిలోంచి తీసి చూపించింది. స్టూడియో అతను మంచివాడు, దుఃఖంలో ఉన్న మనిషికి తక్కువ చేయకూడదని చేతనైనంతా చేశాడు. ఆదెప్పకు నల్ల కోటు తొడిగాడు, టై కట్టాడు, బుగ్గలకు రంగేశాడు, వెనక మంచుకొండ, జలపాతం, రెండు హంసలు పెట్టాడు.

"ఎవురు సార్ ఇది? ఈయప్ప ముందర నేను ఏడ్చాలంటే నాకు సిగ్గయితాంది."

నవ్వు వచ్చింది. ఇద్దరికీ వచ్చింది. ఆమెకు అది ఎక్కువసేపు నిలవలేదు.

"కండ్లు మూసుకుంటే మొగం రాలేదు సార్. మీసం వస్తాది. పౌడరు వాసన వస్తాది. మొగం రాదు. ఆఖరికి చూపిచ్చింటే గుర్తుండునేమో. రోజూ చూసిన మొగం ఎట్ల పోతాది సార్?"

ఆమెను కూర్చోబెట్టి డిస్కులన్నీ తీశాను. ఇక్కడ మా పద్ధతి గురించి ఒకటి చెప్పాలి. సాయంత్రం ఆఫీసుకు రాగానే రిజిస్టరు నంబరు పడిన ఫ్రేములు డిస్కులోకి ఎక్కించి, మిగిలినవి చెరిపేసి, కెమెరా కార్డు ఖాళీ చేసి మరునాటికి సిద్ధం చేయాలి. వెలుతురు పరీక్షకు తీసినవాటికి నంబరు ఉండదు. అంటే ఆదెప్ప ముఖం ఏళ్ల తరబడి వారం వారం ఆ కార్డులోకి వస్తూనే ఉంది, ఆ సాయంత్రానికే పోతూనే ఉంది. అయినా ఏదో ఒకటి తప్పించుకుని ఉంటుందని వెతికాను. పెనుకొండ కోట వాకిళ్లు, కొండ మీది శిథిలాలు, హిందూపురంలో పట్టుదారం తీసి మూతబడిన రేషంమిల్లు, రొద్దం దారిలో కప్పులేని సత్రం. ప్రతి గోడ పక్కనా అతనున్నాడు. ప్రతి చోటా వీపే.

నేను ముఖం కోసం గబగబా దాటిస్తుంటే ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"ఉండు సార్, నిదానం. ఇది నేను కాలరు తిప్పి కుట్టిన చొక్కా." తర్వాతి దాని దగ్గర, "ఈ పొద్దు నాతో కొట్లాడి వచ్చినాడు. చూడు, ఎడం భుజం ఎట్ల లేపినాడో." ఇంకో దాని దగ్గర, "మెడ మీద సెగ్గెడ్డ లేసిండె అప్పుడు. పోవద్దంటే యిన్యాడా? గోడ కూలిపోతాది, నేను పోవాల అనె." ఒక్కోసారి తెరకు దగ్గరగా వంగి అతన్ని తిట్టింది. అలా ఎండ వాలేదాకా చూశాం. బురుజులు, మండపాలు, బండ మీద చెక్కిన ఏనుగులు ఆమెకు కనబడనే లేదు. ముఖం లేకపోయినా కన్ను మనిషి మీదకే పోయింది. మా శాఖ నియమం ఆమె దగ్గర పనిచేయలేదు.

ధర్మవరం షెడ్డు వచ్చింది. తప్పు ఫ్రేము కదా అని దాటించబోయాను.

"ఆపు సార్."

ఎండ స్తంభం పక్కన ఆదెప్ప. వీపు వెనక కట్టుకున్న చేతుల్లో అంగడి సంచి.

ఆమె కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది. "ఆ పొద్దు ఇంటికొచ్చి వాకిట్లో నిలబడె సార్. లోపలికి రాడు. చేతులు యెనక పెట్టుకుని, ఏం తెచ్చినానో చెప్పుకో అనె. నేను పొయ్యి దగ్గర ఉండా. కందిబ్యాళ్లా అంటి. కాదనె. ఉల్లిగడ్లా అంటి. దానికి ఎంత కోపమొచ్చెనో! మల్లీ నగినాడు. పౌడరంతా చెమటకు కారిపోయి చారలు చారలుగా ఉండాది మొగాన..."

ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. బల్ల అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

"వచ్చె సార్" అంది. "మొగం వచ్చె."

కళ్లు తెరవకుండానే చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, తెర మీద వేలు పెట్టింది. "ఆ పొద్దు నేను ముందర చూస్తి, యెనక ఇట్లుండె. ఇదే ఇయ్యండి."

అదే ఇచ్చాను. కోటూ హంసలూ లేకుండా, రంగు కూడా సరిచేయకుండా.

సంవత్సరీకానికి రొద్దం వెళ్లాను. ఫొటోను గోడకు ఆనించి పూలమాల వేశారు. కింద వంకాయ రంగు చీర మడత విప్పకుండా పెట్టారు. దాని ముందు ఒబ్బట్లు వడ్డించిన ఆకు, పక్కన కొత్త పౌడరు డబ్బా. కొలత మనిషి గోడ వైపు తిరిగి, మా అందరికీ వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. వచ్చిన చుట్టాల్లో ఒకావిడకు ఇది మింగుడు పడలేదు.

"ఏమే నారాయణమ్మా, నీ మొగుడు సచ్చి కూడా అలిగినాడా ఏమి? అట్ల తిరుక్కోని నిలబడినాడు?"

"ఆయప్ప ఉద్యోగమే అంత పెద్దమ్మా" అంది నారాయణమ్మ. "ఆయప్పకు నీ మొగం చూడాల్సిన పని ల్యాదు. నువ్వు ఒబ్బట్టు తిను."

సర్వీసులో మిగిలిన కొద్ది నెలలూ కొలతకు వేర్వేరు మనుషుల్ని పెట్టుకుని పని చేశాను. ఒక పద్ధతి మాత్రం మార్చాను. రోజు మొదటి ఫ్రేము కొలత మనిషి ముఖం, ఎదురుగా, దగ్గర నుంచి. దానికి రిజిస్టరు నంబరు వేయాలి. వేస్తే సాయంత్రం చెరిపేయడం కుదరదు. దానికంటూ గడి లేదు గనుక ఇతరములు అన్న గడిలో రాశాను. జిల్లా ఆఫీసు అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను. గోడ ఎంత ఎత్తో చెప్పడానికి మనిషి కావాలి, ఆ మనిషి ఎవరో చెప్పడానికి ఒక ఫ్రేము ఖర్చవుతుంది, రెండింటిలో మనిషిదే ముందు తీయాలి.

కొత్త కొలకర్ర నేను విరమణ తీసుకున్న నెలలో మంజూరైంది. గోడ పక్కన అది బాగానే నిలబడుతుందని, చేతులు వెనక పెట్టుకోదని, నా తర్వాత వచ్చినతను ఫోను చేసి చెప్పాడు.